సైకిలుకు తగ్గ బట్టలా, బట్టలకు తగ్గ సైకిలా?

హైదరాబాదు పాఠకుల నుంచి సైకిలు సంగతులపై వచ్చిన ఉత్తరాలు కొంతకాలంగా మా దగ్గర పోగుపడి ఉన్నాయి. ధరల గురించీ కంపెనీల గురించీ అడిగినవారు తక్కువే. ఏ బట్టలు వేసుకుంటే నలుగురిలో బాగుంటుంది, ఎలాంటి సైకిలు కొంటే నిజంగా పనికొస్తుంది అన్నవే ఎక్కువమంది సందేహాలు. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: ఆదివారాలు మిత్రులతో కలిసి అవుటర్ రింగు రోడ్డు పక్కన సౌర ఫలకాల నీడలో ఉన్న సైకిలు దారి మీద తొక్కుతున్నాను. అక్కడికి అందరూ ఒంటికి అతుక్కుపోయే లైక్రా దుస్తుల్లో వస్తారు. నేను టీషర్టు, నిక్కరుతో వెళితే ఎవరూ ఏమీ అనరు కానీ, నాకే ఇబ్బందిగా ఉంటోంది. పోనీ కొనుక్కుందామంటే, ఆ వేషంతో హాల్లోకి వస్తే తాను గదిలోకి వెళ్ళిపోతానని మా అత్తగారు ముందే చెప్పేశారు. ఇక మీదట ఏడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆఫీసుకు కూడా సైకిలు మీదే వెళ్ళాలనుకుంటున్నాను. ఆ దుస్తులు నిజంగా అవసరమా, వట్టి డాబేనా?
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొండాపూర్

సమాధానం: మీరు చెప్పిన రెండు ప్రయాణాలకు ఒకే జవాబు కుదరదు. ఆదివారం మీరు తొక్కే దారి 2023 అక్టోబరులో ప్రారంభమైనది. దాని పొడవు 23 కిలోమీటర్లు. ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళి తిరిగి వచ్చేవారు రెండు గంటలో, అంతకన్నా ఎక్కువో సీటు మీదే గడుపుతారు. ముందుకు వంగి తొక్కేటప్పుడు పిరుదుల కింది ఎముకల మీద బరువు పడుతుంది, కాళ్ళు నిమిషానికి డెబ్బై ఎనభై సార్లు తిరుగుతాయి, తిరిగిన ప్రతిసారీ లోదుస్తుల కుట్టు చర్మాన్ని ఒరుసుకుంటుంది. గంట దాటాక చెమటలోని ఉప్పు కూడా తోడవుతుంది. సైకిలు నిక్కరులో మెత్త పెట్టేది, తొడల మధ్య కుట్టు రాకుండా కత్తిరించేది ఈ ఒరిపిడి కోసమే. అందుకే దాని లోపల మరో లోదుస్తు వేసుకోకూడదు. వేసుకుంటే ఏ కుట్టును తప్పించడానికి డబ్బు ఖర్చు పెట్టారో ఆ కుట్టే మళ్ళీ లోపలికి వస్తుంది. వాడిన ప్రతిసారీ ఉతికి తీరాలన్నది కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే బృందాల్లో వచ్చే కురుపుల ఫిర్యాదులకు సీటుకన్నా ఉతకని నిక్కరే ఎక్కువసార్లు కారణం అవుతుంది.

గుడ్డ సంగతికి వస్తే, లైక్రా పేరుతో అమ్ముడయ్యే సాగే దారాన్ని 1958లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ అనే రసాయన శాస్త్రవేత్త రూపొందించాడు. ఎంత సాగినా మళ్ళీ తన కొలతకు వచ్చేయడం దాని గుణం. తొడ మీద ముడత పడదు కాబట్టి ఒరుసుకోదు. పై చొక్కాకు వాడే పాలియెస్టర్ చెమటను పీల్చుకోకుండా ఉపరితలం మీద పరుస్తుంది, గాలికి అది త్వరగా ఆరిపోతుంది. నూలు చొక్కా అయితే చెమటను పీల్చుకుని అట్టేపెట్టుకుంటుంది. డిసెంబరు తెల్లవారుజామున ఆ తడి చొక్కాతో వాలులో దిగితే చలి వణికిస్తుంది. చొక్కా ఒంటికి బిగుతుగా ఉండడం వల్ల గాలి ఒత్తిడి తగ్గుతుందన్నది నిజమే కానీ, అది గంటకు పాతిక కిలోమీటర్ల పైన తొక్కేవారికి తెలిసే తేడా. పదిహేను కిలోమీటర్ల వేగంతో కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళేవారికి అందులో కలిసొచ్చేది ఏమీ లేదు. కాబట్టి ముందు మెత్త ఉన్న నిక్కరు ఒక్కటి కొనండి, చొక్కా సంగతి తరువాత చూసుకోవచ్చు. ఆ నిక్కరు మీద వదులైన మామూలు నిక్కరు వేసుకుంటే మెత్త పని మెత్త చేస్తుంది, మీ అత్తగారు హాల్లోనే కూర్చుంటారు.

ఆఫీసు ప్రయాణం అరగంట పని. దానికి ఈ దుస్తులేవీ అక్కర్లేదు. పొద్దున ఎండ ముదరకముందే బయలుదేరి, ఆయాసం రానంత నిదానంగా తొక్కి, చొక్కా ఒకటి సంచిలో పెట్టుకుని వెళితే చాలు. ఆ సంచిని వీపున కాక క్యారియర్‌కు తగిలించండి, వీపు మీద సంచి ఉన్న చోటనే చెమట ఎక్కువగా పడుతుంది. అయితే మీ సైకిలుకు క్యారియర్ ఉండకపోవచ్చు, మడ్‌గార్డులూ స్టాండూ కూడా ఉండకపోవచ్చు. అసలు చిక్కంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. పందేల సైకిలు చూడటానికి సన్నగా, తేలిగ్గా ఉండాలని ఒక్కొక్క భాగమే ఊడదీస్తూ వచ్చారు. ఊడదీసిన ప్రతి భాగం చేసే పనిని తొక్కేవాడి బట్టలు మోయాల్సి వచ్చింది. మడ్‌గార్డు లేనందువల్ల వానకోటు, చైన్ కవర్ లేనందువల్ల బిగుతు పాంటు, క్యారియర్ లేనందువల్ల చొక్కా వెనక మూడు జేబులు పుట్టాయి. మన తాతలు తొక్కిన నల్ల సైకిలు ఇరవై కిలోల బరువు ఉండేది, జూబ్లీహిల్స్ ఎక్కడానికి అది ఎంతమాత్రం తగినది కాదు, కానీ దాని మీద పంచె కట్టిన రైతూ, ఖాకీ నిక్కరు వేసుకున్న పోస్టుమ్యానూ, ఇస్త్రీ పాంటు నలగని గుమాస్తా కూడా ప్రత్యేకమైన దుస్తులు కొనుక్కోకుండానే తిరిగారు. మీ సైకిలుకు మడ్‌గార్డులు, క్యారియర్ బిగించడానికి చోటుందేమో మెకానిక్‌ను అడగండి. ఫ్రేముకు మర రంధ్రాలు ఉంటే పని సులువు, లేకపోతే సీటు గొట్టానికి తగిలించే రకాలు దొరుకుతాయి. ఇవి బిగిస్తే సైకిలు అందం చెడుతుందని మీ మిత్రులు అంటారు. జూలై నెలలో మొదటి వాన పడ్డ రోజున, వెనక చక్రం వాళ్ళ వీపుల మీద నిలువునా బురద చారలు గీశాక, ఆ అందం గురించి మళ్ళీ మాట్లాడమనండి.

ప్రశ్న: మా బడి ఇంటికి మూడు కిలోమీటర్లు. సైకిలు మీద వెళ్ళాలని ఉంది. వారంలో సగం రోజులు చుడీదార్, సగం రోజులు చీర. ట్రాక్ పాంటు వేసుకుని బడికి వెళ్ళి మార్చుకోమంటున్నారు. మార్చుకునే గది బడిలో లేదు. చీరతో సైకిలు తొక్కడం సాధ్యమేనా?
— ఒక ఉపాధ్యాయిని, తార్నాక

సమాధానం: సాధ్యమే. మారవలసింది సైకిలే, మీరు కాదు. కొనేటప్పుడు మూడు విషయాలు చూడండి. పై కడ్డీ అడ్డంగా కాక కిందికి వంగి ఉన్న ఫ్రేము అయితే కాలు ఎత్తి అవతలకు వేయనక్కరలేదు. చైన్ పూర్తిగా కప్పి ఉండాలి. పైవైపు మాత్రమే రేకు బిగించి చైన్ కవర్ అని అమ్మేవి కుచ్చిళ్ళ అంచును కాపాడలేవు. మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది, వెనక చక్రానికి రెండు పక్కలా వల గానీ రేకు గానీ ఉండాలి. చున్నీ చక్రంలో పడితే మెడకు బిగుసుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఈ విషయంలో రాజీ పనికిరాదు. వల ఉన్నా సరే, చున్నీని నడుముకు చుట్టి ముడివేసుకోండి, లేదా తీసి సంచిలో పెట్టుకోండి. చీర రోజున పమిట చెంగును బొడ్లో దోపుకుని, కుచ్చిళ్ళను జానెడు ఎత్తుగా కట్టుకుంటే మూడు కిలోమీటర్లకు ఇబ్బంది ఉండదు. సీటును, ఆగినప్పుడు రెండు పాదాల మునివేళ్ళు నేలకు ఆనేంత ఎత్తులో ఉంచండి, మన సిగ్నళ్ళ దగ్గర పదే పదే దిగాల్సి వస్తుంది.

బట్టల విషయంలో సలహాలన్నీ స్త్రీలకే అందడం కొత్తేమీ కాదు. 1898లో ఇంగ్లండులోని ఓకమ్ గ్రామంలో లేడీ హార్బర్టన్ అనే ఆమె సైకిలు మీద వచ్చి, గౌనుకు బదులుగా వదులైన పొట్టి పైజామా లాంటి దుస్తులు ధరించి ఉన్నందుకు, అక్కడి హోటలువారు ఆమెను కాఫీ గదిలో కూర్చోనివ్వలేదు. కేసు కోర్టుకు వెళ్ళింది, హోటలే గెలిచింది. ఆమె పొడవాటి గౌను వేసుకుని వచ్చి ఉంటే గౌరవంగా కూర్చోబెట్టేవారు, కానీ ఆ గౌను చైనులో పడి ఆమె కిందపడితే వచ్చి లేపేవారెవరో తెలియదు. మీ బడిలో ఎవరైనా విసుక్కుంటే ఈ సంగతి చెప్పవచ్చు. చెప్పకపోయినా ఫరవాలేదు, ఓ నెలకు అందరికీ అలవాటవుతుంది.

ప్రశ్న: ఇంటర్ చదివే మా అబ్బాయి మోటారు సైకిలు టైర్లంత లావు టైర్లు, ముందూ వెనకా షాక్ అబ్జార్బర్లు ఉన్న సైకిలే కావాలని పట్టుబట్టాడు. కాలేజీకి, ట్యూషన్‌కు తప్ప వాడు ఎక్కడికీ వెళ్ళడు. మామూలుది కొనిస్తే ఎక్కనంటాడు. ఏం చేయమంటారు?
— ఒక తండ్రి, కూకట్‌పల్లి

సమాధానం: నాలుగు అంగుళాల టైర్లు మంచులోనూ ఇసుకలోనూ కూరుకుపోకుండా ఉండడానికి పుట్టాయి. కూకట్‌పల్లిలో ఆ రెండూ లేవు, ఇళ్ళు కట్టే చోట రోడ్డు మీద పోసిన ఇసుకను లెక్కలోకి తీసుకుంటే తప్ప. తారు రోడ్డు మీద ఆ లావు టైరు తొక్కేవాడి బలాన్ని తానే తినేస్తుంది. షాక్ అబ్జార్బర్లు కూడా అంతే. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు, స్ప్రింగు ఉన్న చవక రకమైతే, ఒక్కటే రెండు కిలోలకు పైగా తూగుతుంది, లేచి నిలబడి ఎత్తు ఎక్కేటప్పుడు కాలు నొక్కిన నొక్కుడులో కొంత ఆ స్ప్రింగు ఊగడానికే ఖర్చవుతుంది. తక్కువ ధరలో రెండు వైపులా స్ప్రింగులు పెట్టి అమ్ముతున్నారంటే ఆ డబ్బును బేరింగుల్లోనో బ్రేకుల్లోనో మిగుల్చుకున్నారనే అర్థం.

అయినా మీ అబ్బాయి కోరికను పూర్తిగా కొట్టిపారేయలేను. పదహారేళ్ళవాడు తన తోటివాళ్ళ ముందు ఎక్కడానికి సిగ్గుపడే సైకిలు ఎంత ప్రయోజనకరమైనదైనా, బాల్కనీలో బట్టలు ఆరేసుకోవడానికి తప్ప పనికిరాదు. అందం కూడా ఒక అవసరమే, వాడి వయసులో మరీను. వాడి కోరికలో పనికొచ్చే భాగాన్ని ఒప్పుకోండి. డిస్కు బ్రేకులు అడిగితే ఇవ్వండి; వానలో తడిసిన రిమ్మును పట్టే బ్రేకుకన్నా అవి బాగా ఆపుతాయి. గేర్లు అడిగితే ఇవ్వండి, మన ఊరి ఎత్తుపల్లాలకు అవి కావాలి. నచ్చిన రంగు వాడే ఎంచుకోనివ్వండి. టైరు మాత్రం ఒకటిన్నర నుంచి రెండు అంగుళాల లోపు, ముందు ఫోర్కు స్ప్రింగు లేనిది అని గట్టిగా చెప్పండి. దుకాణానికి వాణ్ణి తీసుకెళ్ళి రెండు రకాలూ ఏదైనా ఫ్లైఓవరు మీదికి తొక్కించి చూడండి. మీరు చెప్పలేనిది వాడి తొడలు చెబుతాయి. ఒక హెచ్చరిక: ఇంకా పెరుగుతాడు కదా అని పెద్ద సైజు ఫ్రేము కొనకండి, బ్రేకు అందని సైకిలు ఏ ధరకు కొన్నా నష్టమే.

ప్రశ్న: పందేల్లో పాల్గొనని నేను పసుపు రంగు జెర్సీ వేసుకుని నెక్లెస్ రోడ్డు మీద తొక్కితే తప్పా? అది విజేతలు వేసుకునేదని ఒకాయన ఆక్షేపించాడు.
— ఒక పాఠకుడు, ఖైరతాబాద్

సమాధానం: టూర్ ది ఫ్రాన్స్ అనే పేరున్న సైకిలు పోటీలో ముందున్నవాడిని జనం సులువుగా గుర్తుపట్టాలని 1919లో పసుపు జెర్సీ ప్రవేశపెట్టారు; పోటీని నిర్వహించిన లోటో పత్రిక పసుపు కాగితం మీద అచ్చయ్యేది కాబట్టి ఆ రంగు ఎంచుకున్నారని చెబుతారు. దూరం నుంచి కనిపించడమే దాని మొదటి ప్రయోజనం. హుస్సేన్‌సాగర్ ఒడ్డున బస్సు డ్రైవరుకు మీరు కనిపించడం కూడా అలాంటి ప్రయోజనమే. నిస్సంకోచంగా వేసుకోండి.

ప్రశ్న: పదవీ విరమణ చేశాక సాయంత్రాలు తెల్లటి లాల్చీ, పైజామాతో సైకిలు మీద గుడికీ కూరగాయలకూ వెళ్ళి చీకటి పడ్డాక వస్తుంటాను. తెల్లబట్టలు వేసుకున్నాను కదా, లైటు ఎందుకని నా వాదన. మా అమ్మాయి హెల్మెట్టు, మెరిసే జాకెట్టు కొని పంపింది. అవి వేసుకుంటే సర్కసువాడిలా ఉన్నాను. చట్టం ప్రకారం తప్పనిసరా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, మల్కాజిగిరి

సమాధానం: చట్టం ప్రకారం తప్పనిసరి కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షను మోటారు ద్విచక్ర వాహనాలకే హెల్మెట్టు విధించింది. కానీ మీరు వేసుకోవాలనే నా సలహా, ఎందుకంటే ఈ వయసులో తల నేలకు తగలడానికి లారీ గుద్దనవసరం లేదు, రోడ్డు మీద చిన్న గుంట చాలు. మోటారు సైకిలు హెల్మెట్టు కాకుండా గాలి రంధ్రాలున్న తేలికపాటి సైకిలు హెల్మెట్టు కనుబొమలకు రెండు వేళ్ళ పైన కూర్చునేలా పెట్టుకుని, పట్టీ బిగించుకోండి. ఒకసారి దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి బాగానే కనిపించినా లోపలి నురుగు నలిగి ఉంటుంది కాబట్టి మళ్ళీ వాడకండి.

తెల్లబట్టల వాదన మాత్రం నిలవదు. తెలుపు వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడుతుంది, వెనక వచ్చే కారు హెడ్‌లైటు కాంతిలో డ్రైవరు కంటికి తిరిగి చేరేది అందులో కొద్ది భాగమే. మెరిసే పట్టీ వచ్చిన వెలుతురును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతుంది, కాబట్టి చాలా దూరం నుంచే కనిపిస్తుంది. జాకెట్టులోని నారింజ, నిమ్మపసుపు రంగులు పగటి వెలుతురులో ఉన్న అతినీలలోహిత కిరణాల వల్ల వెలుగుతాయి. చీకటి పడ్డాక వాటివల్ల పెద్ద ఉపయోగం లేదు, పనిచేసేది వాటి మీద కుట్టిన వెండిరంగు పట్టీలే. అందువల్ల మీకు జాకెట్టు ఇష్టం లేకపోతే దాన్ని మీ అమ్మాయికి చెప్పే బీరువాలో పెట్టి, మెరిసే పట్టీలు రెండు తెప్పించుకుని చీలమండల దగ్గర పైజామా మీద బిగించుకోండి. పైకీ కిందికీ కదిలే ఆ రెండు మెరుపులను చూడగానే అక్కడ మనిషి సైకిలు తొక్కుతున్నాడని డ్రైవరుకు తెలిసిపోతుంది. పైగా పైజామా అంచు చైనులో పడకుండా అవే పట్టుకుంటాయి. వీటికి తోడు వెనక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు తప్పకుండా ఉండాలి. రెండింటినీ ఇంట్లో చార్జి చేసుకోవచ్చు. కూరగాయల సంచిని మాత్రం హ్యాండిలుకు తగిలించకండి, అది ముందు చక్రం పుల్లల్లో ఇరుక్కుంటే సైకిలు ముందుకు బోల్తా పడుతుంది. వెనక క్యారియర్ మీద పెట్టి రబ్బరు తాడుతో కట్టుకోండి.