మిర్యాలగూడ నుంచి, క్లస్టర్ పెట్టబోతున్న మేనకోడలికి

బిడ్డా,

మొన్న ఫోన్ల నువ్వు అడిగినదానికి నిలబడ్డకాడ జవాబు చెప్పబుద్ధి కాలే. బాదేపల్లి దగ్గరి పల్లికాయ మిల్లుల కాటా లెక్కలు, స్టాకు, బిల్లులు అన్నీ మిల్లులనే ఒక చిన్న కుబర్నెటీస్ క్లస్టర్ (ప్రోగ్రాంలను కంటెయినర్లనే డబ్బాలల్ల పెట్టి నడిపి, పడిపోతే మళ్లీ లేపే ఏర్పాటు) మీద నడపాలని, దాని ముందట నువ్వే స్క్రిప్టు రాసుకునే ప్రాక్సీ (వచ్చే రిక్వెస్టులను అందుకుని లోపలికి పంపే ప్రోగ్రాం) పెట్టాలని అన్నవు. మంచి ఆలోచన. ఇక్కడ ఒక రైస్ మిల్లుల మూడు సీజన్ల నుంచి ఇదే పని చూస్తున్న. దెబ్బలు తిని తెలుసుకున్నదంతా నీకు రాస్తున్న.

అన్నిటికన్న ముందు ఒక్కటి గుర్తుపెట్టుకో. మన దిక్కు ఏ మిషిన్ పెట్టినా, కరెంటు పోయి వచ్చినంక మనిషి చెయ్యి పడకుంట అది తనంతట తాను లేవాలె. నువ్వు హైదరాబాద్‌ల ఉంటవు, మిల్లుల గుమాస్తా ఉంటడు. రాత్రి పదకొండింటికి లారీ కాటా మీద నిలబడితే ఆయన కుబర్నెటీస్‌ను నడిపే కుబెక్టిఎల్ కమాండ్లు కొట్టడు కదా.

కుబర్నెటీస్‌ల కె3ఎస్ అనే చిన్న రకం తీసుకో. 2019ల రాంచర్ ల్యాబ్స్ బయటికి తెచ్చింది, మరుసటేడు సీఎన్‌సీఎఫ్ అనే ఓపెన్ సోర్స్ సంస్థకు అప్పజెప్పింది. 100 ఎంబీ లోపలి ఒక్క బైనరీ (ప్రోగ్రాం ఫైలు). నెట్‌వర్క్‌కు ఫ్లానెల్, పేర్లకు కోర్‌డీఎన్ఎస్, ముందట ట్రాఫిక్ అనే ప్రాక్సీ, అన్నీ దాంతోనే వస్తయి. ఏమీ చెప్పకుంటే క్లస్టర్ లెక్కలన్నీ ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ల రాసుకుంటది. ఒక్క మిల్లుకు అది చాలు. మెమరీ కార్డు మీద మాత్రం నడపకు, ఎస్ఎస్‌డీ కొను. రాత ఎక్కువ ఉంటది, కార్డు తట్టుకోదు.

మిషిన్లు ఎన్ని అని అడిగినవు. రెండు సర్వర్లు (క్లస్టర్‌ను నడిపించే మిషిన్లు) పెడితే ధైర్యమని చానామంది అనుకుంటరు. అది తప్పు. సర్వర్లు ఒకటికి మించితే, వేరే డేటాబేస్ తెచ్చిపెట్టుకోకుంటే ఈటీసీడీ అనే డేటాబేస్‌కు మారాలె. ఏదన్న రాయాలంటే దానికి సర్వర్లల్ల మెజారిటీ కావాలె. రెండిట్ల మెజారిటీ అంటే రెండే. ఒకటి పడిపోతే రెండోది నిక్షేపంగ ఉన్నా క్లస్టర్ల కొత్త మార్పు ఏదీ రాయనియ్యదు. చెడిపోయే వస్తువులు రెండైనయి, ఓర్చుకునే శక్తి పెరగలే. పెడితే మూడు సర్వర్లు పెట్టు, లేకుంటే ఒక్కటే పెట్టి కింద ఏజెంట్లు (చెప్పిన పని చేసే మిషిన్లు) తగిలించుకో. నేనైతే ఒక్కటే అంట.

ఇగ నన్ను ఎక్కువ ఏడిపించిన సంగతి చెప్తా. మొదటి యాసంగిల ఒక సాయంత్రం గాలిదుమారం వచ్చి కరెంటు పోయింది. గంటకు వచ్చింది గని ఇంటర్నెట్ రాలే. బాక్సు లేసింది, కె3ఎస్ లేసింది, కాటా సర్వీసు మాత్రం లేవలే. దాని ఇమేజ్ (ప్రోగ్రాంను కట్టిపెట్టిన మూట) అదే డిస్కు మీద ఉంది, అయినా ఇమేజ్ దొరకలేదని మొత్తుకుంటుంది. ఎందుకో తెలుసా? నేను ఇమేజ్‌కు లేటెస్ట్ అని ట్యాగ్ పెట్టిన. ఆ ట్యాగ్ పెడితే కంటెయినర్ మొదలైన ప్రతిసారి రిజిస్ట్రీని (ఇమేజ్‌లు దాచిపెట్టే సర్వర్‌ను) అడగాలన్నది డిఫాల్ట్. రిజిస్ట్రీ ఎక్కడనో ఉంది, లైను తెగి ఉంది. వడ్ల లారీలు గేటు దాటి రోడ్డు మీద వరుస కట్టినయి. రైతులు టార్చిలైటు పట్టుకుని నిలబడ్డరు. ఆ రాత్రి చీటీలన్నీ చేత్తోనే రాసిన్రు.

తెల్లారి నేను చేసినవి రెండే. ప్రతి ఇమేజ్‌కు కచ్చితమైన వెర్షన్ నంబర్ పెట్టి, ఉంటే మళ్లీ తేవద్దని పుల్ పాలసీల రాసిన. ఇమేజ్‌లను టార్ ఫైళ్లు చేసి, కె3ఎస్ ఏజెంట్ డైరెక్టరీల ఇమేజెస్ ఫోల్డర్ల పెట్టిన. లేచినప్పుడు అది వాటిని తనే లోపలికి తీసుకుంటది. నువ్వు ఇవి మొదటిరోజే చెయ్యి.

రాస్‌బెరీ పై 4 వాడదామనుకుంటే ఇంకో మాట. దాంట్ల గడియారం నడిపే బ్యాటరీ ఉండదు. నెట్ లేకుంట లేస్తే పాత టైముతోనే లేస్తది, చీటీ మీద టైము తప్పు పడ్తది. బ్యాటరీతో గడియారం నడిపే ఆర్‌టీసీ మాడ్యూల్ ఒకటి తగిలించు.

ప్రాక్సీ సంగతి. నేను ఎన్వాయ్ అనే ప్రాక్సీ వాడుతున్న. లిఫ్ట్ కంపెనీల పుట్టి 2016ల ఓపెన్ సోర్స్ అయింది, లువా అనే చిన్న భాషల స్క్రిప్టు రాయనిస్తది. నీకు జావాస్క్రిప్ట్ చెయ్యి తిరిగింది కాబట్టి పైపీ అనే ప్రాక్సీ కూడా చూడు, చిన్నగ ఉంటది. ఏది పెట్టినా, కె3ఎస్‌తో వచ్చిన ట్రాఫిక్ ప్రాక్సీని డిజేబుల్ చేసి పెట్టు. ఒక్క మిషిన్ మీద రెండు ప్రాక్సీలూ వెబ్ రిక్వెస్టులు వచ్చే 80, 443 పోర్టులు అడిగితే, వెనక వచ్చినది పెండింగ్‌ల కూర్చుంటది.

ఇక్కడ నేను చేసిన తప్పు బిడ్డా, దాన్ని ఇప్పటికీ మర్చిపోలే. రెండు సెకన్లల జవాబు రాకపోతే మళ్లీ పంపమని ప్రాక్సీల రీట్రై రాసిన. సీజన్ మంచి జోరు మీద డిస్కు నెమ్మదించింది. మొదటిసారి పంపినది ఆలస్యంగ రాసుకున్నది, రెండోసారి పంపినదీ రాసుకున్నది. ఒకే లారీ, అదే లోడు తూకం, అదే ఖాళీ బండి తూకం, చీటీలు రెండు. రైతు పేరు మీద రెండు లోడ్లు ఎక్కినయి. సాయంత్రం గుమాస్తా లెక్క కలిపితే దొరికింది. దొరకకపోతే ఒక మనిషి మీద దొంగ అన్న మాట పడేది.

అప్పటి నుంచి రీట్రై చదివే రిక్వెస్టులకే ఉంచిన. రాసే రిక్వెస్టులకు తీసేసిన. కాటా ప్రోగ్రాం పాతది, దాన్ని మార్చలేం. అది పంపే యూఆర్ఎల్‌ల చీటీ నంబర్ ఉంటది. లువా స్క్రిప్టు ఆ నంబర్ తీసి హెడర్ల (రిక్వెస్టుకు అంటించే వివరాలల్ల) పెడ్తది, డేటాబేస్ల ఆ నంబర్ మీద యూనిక్ కండిషన్ ఉంది, అదే నంబర్ రెండోసారి ఎక్కదు. ఇప్పుడు ఎన్నిసార్లు వచ్చినా చీటీ ఒక్కటే.

ప్రాక్సీ స్క్రిప్టుల ఇంత పనే ఉండాలె. ధర కట్టుడు, తరుగు తీసుడు అక్కడ రాయకు. నిమిషానికి ఇన్ని రిక్వెస్టులని లువాల నువ్వే లెక్కపెడదామనుకుంటవు, అదీ వద్దు. ఎన్వాయ్‌ల ఒక్కో వర్కర్ థ్రెడ్‌కు (ఒకేసారి పక్కపక్కన నడిచే పనివరుసకు) లువా వేరువేరుగ ఉంటది. నాలుగు థ్రెడ్లుంటే 10 అని పెట్టిన హద్దు 40 దాక పోతది. దానికి ఎన్వాయ్‌లనే ఉన్న రేట్ లిమిట్ ఫిల్టర్ వాడు.

బ్యాకప్‌కు కె3ఎస్ డేటాబేస్ ఉండే డీబీ ఫోల్డర్ ఒక్కటే కాపీ కొట్టి సరిపెట్టకు. టోకెన్ ఫైలు (క్లస్టర్ రహస్యపు తాళం) కూడా తియ్యి, అది లేకుంట తిరిగి నిలబెట్టలేవు. కె3ఎస్ భాగాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టే సర్టిఫికెట్లకు గడువు ఏడాది. గడువు దగ్గరపడ్డంక కె3ఎస్ రీస్టార్ట్ అయితే అవే కొత్తగైతయి. యూపీఎస్ మంచిగుండి ఏడాదంతా ఆగకుంట నడిచిన మిషిన్లకే ఇది దెబ్బకొడతది. నెలకొకసారి నువ్వే రీస్టార్ట్ చెయ్యి.

మిల్లుకు అప్పజెప్పేముందు ఆ బాక్సు పట్టుకుని మిర్యాలగూడకు రా. రౌటర్ ప్లగ్గు పీకుదాం, బాక్సు ప్లగ్గూ పీకుదాం, పది నిమిషాలాగి బాక్సుది ఒక్కటే పెడదాం. కాటా చీటీ వచ్చేదాక నువ్వు కీబోర్డు ముట్టద్దు. అమ్మకు చెప్పు, అత్తమ్మ సర్వపిండి చేస్తనన్నది.

మీ మామ