పాత తెలుగు సినిమాలు నిజంగానే అంత గొప్పవా, లేక పెద్దవాళ్ళు ఊరికే అలా అంటుంటారా?

గొప్పవే. ఈ విషయంలో ఎవరితోనైనా ఎంతసేపైనా వాదిస్తాను. కాకపోతే మామూలుగా అందరూ చెప్పే కారణాలతో నాకు పనిలేదు. పాటలు బాగుండేవి, విలువలుండేవి, పిల్లాజెల్లాతో కలిసి చూసేవాళ్ళం... ఇవన్నీ వినీ వినీ ఈ తరం పిల్లలకి విసుగొచ్చింది, అందుకే ఇలాంటి ప్రశ్నలు అడుగుతున్నారు, వాళ్ళ తప్పేం లేదు. అప్పుడూ చెత్త సినిమాలు బోలెడొచ్చాయి, వాటి పేర్లు ఇప్పుడెవరికీ గుర్తులేవంతే. నేననేది ఒక్కటే, పాత సినిమాల్లో నిలబడినవన్నీ పక్క పాత్రల వల్ల నిలబడ్డాయి, హీరో వల్ల కాదు.

సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు మా అన్నయ్య కొడుకుని పండగ సినిమాకి తీసుకెళ్ళాను. ఇంటర్ ఫస్టియర్ వాడు, ఆ హీరో అంటే ప్రాణం. సినిమా పేరు ఇక్కడ అనవసరం. టికెట్లేమో పండక్కి పెంచిన రేట్లు, లోపల పాప్‌కార్న్ డబ్బా ఇంకో టికెట్ అంత, ఇంట్లోంచి మంచినీళ్ళ సీసా కూడా తేనివ్వరు, దాహమేస్తే వాళ్ళ దగ్గరే కొనుక్కోవాలి, ఇదెక్కడి న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు. సరే, చూశాం. వాడు విజిల్స్ వేశాడు, ఇంటర్వెల్ ఫైట్ నాకూ బాగానే ఉందనిపించింది. బయటికొచ్చి బండి తీస్తూ అడిగాను, ఒరేయ్, సినిమాలో హీరో వాళ్ళమ్మ పేరేంట్రా అని. ఆలోచించాడు, గుర్తురాలేదు. పోనీ చెల్లెలి పేరు? అదీ తెలీదు. విలన్ ఏం చేస్తుంటాడు? "డాన్ అత్తా" అన్నాడు. డాన్ అంటే ఏం వ్యాపారం రా, ఎవరితో గొడవ, ఎందుకు గొడవ? "అదేదో పోర్ట్ అన్నారుగా..." అని నీళ్ళు నమిలాడు. దాదాపు మూడు గంటల సినిమా చూసి అప్పుడే బయటికొచ్చాం, పార్కింగ్ కూడా దాటలేదు. వాడి జ్ఞాపకశక్తికేం తక్కువ లేదు, క్రికెట్ స్కోర్లన్నీ నోటికొచ్చు. అక్కడ గుర్తుపెట్టుకోడానికేం లేదు, అదీ సంగతి.

ఆ రాత్రి భోజనాలయ్యాక మా అమ్మ టీవీలో యూట్యూబ్ పెట్టించుకుని గుండమ్మ కథ చూస్తానంది. 1962 సినిమా, విజయా వాళ్ళది. వాడు మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటూ ఓ చెవి ఇటు పడేశాడు. ఎన్టీఆర్ నిక్కరేసుకుని ఆ ఇంట్లో పనివాడిగా చేరి రోట్లో పిండి రుబ్బుతుంటే లేచి కూర్చున్నాడు, "ఈయన అప్పటికే పెద్ద స్టార్ కదా, ఈ వేషమేంటి?" అని. పెద్ద స్టారేంట్రా, ఆయనకది 100వ సినిమా అని చెప్పాను. నాగేశ్వరరావుకి 99వది. ఇప్పుడెవరన్నా హీరో తన 100వ సినిమాలో నిక్కరేసుకుని పిండి రుబ్బుతాడేమో చెప్పండి. పైగా ఆ ఇద్దరూ, సావిత్రి, జమున, ఎస్వీ రంగారావు ఇంతమంది ఉన్న సినిమాకి పేరు మాత్రం సూర్యకాంతం పాత్రది పెట్టారు. నా వాదనంతా ఈ ఒక్క ముక్కలోనే ఉంది అసలు.

వాడు మెల్లగా కథలో పడ్డాడు. రమణారెడ్డి గంటయ్యగా వచ్చి గుండమ్మ చెవిలో ఊదినప్పుడల్లా వాడికి ఒళ్ళు మండిపోతోంది, "వాడు చెప్పేవన్నీ ఎలా నమ్ముతుంది నానమ్మా ఈవిడ?" అంటాడు. మా అమ్మ వెంటనే అందుకుంది, "దానికెవరున్నార్రా మరి, మొగుడు పోయాడు, ఆస్తి మీద అందరి కళ్ళూ ఉన్నాయి, నాలుగు మంచిమాటలు చెప్పేవాడు దొరికితే నమ్మక ఏంచేస్తది?" అని. నాకది కొత్తగా వినపడింది. గుండమ్మంటే గయ్యాళి అనే కదా మనందరి లెక్క, మా అమ్మ మాత్రం ఆవిడని ఒక్క మాట అననివ్వదు. అప్పట్నుంచి నేనూ సూర్యకాంతాన్నే చూస్తూ కూర్చున్నా. ఎడమ చెయ్యి తిప్పుతూ సవతి కూతుర్ని కసిరే మనిషి, సొంత కూతురు గదిలోకి రాగానే గొంతు మార్చేస్తది, మొహంలో గర్వం, దాని కింద ఎక్కడో కూతురంటే భయం కూడా. ఆఖర్లో ఛాయాదేవి దుర్గమ్మగా వచ్చి ఇంట్లో తిష్ట వేసి ఈవిడ మీద పెత్తనం చేస్తుంటే మావాడు పూర్తిగా గుండమ్మ పార్టీ అయిపోయాడు, మొదట్లో తిట్టిపోసినవాడే. ఒక్క డైలాగు పెట్టి ఆవిడ మంచిదని చెప్పించలేదు ఎవరూ, మనిషిని చూపించారు, అంతే. సినిమా అయ్యాక వాడిని ఏమీ అడగక్కర్లేకపోయింది, గంటయ్య, దుర్గమ్మ అని పేర్లు పెట్టి వాడే తిడుతున్నాడు.

మాయాబజార్ చూడండి, 1957. పాండవుల కొడుకు పెళ్ళి కథ, పాండవులు మాత్రం సినిమా మొత్తంలో ఒక్క షాట్‌లో కూడా కనపడరు! ఎంత ధైర్యం ఉండాలి దర్శకుడు కేవీ రెడ్డికి, రాసిన పింగళికి. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉండగా జనం మాట్లాడుకునేది మాత్రం ఘటోత్కచుడి గురించి. ఇక సావిత్రి, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా చేస్తది కదా, పెళ్ళిపీటల మీద సిగ్గుపడుతూనే లక్ష్మణకుమారుడు రేలంగి కాలు తొక్కేస్తది, ఒకే మొహంలో ఆడపిల్లా రాక్షసుడూ ఇద్దరూ కనపడతారు. గ్రాఫిక్స్ లేవు, మార్కస్ బార్‌ట్లే కెమెరా, ఆవిడ కళ్ళు, అంతే. అంతకు రెండేళ్ళ ముందు మిస్సమ్మలో నాగేశ్వరరావు చిన్న కామెడీ డిటెక్టివ్ వేషం వేశాడు, అదీ దేవదాసు లాంటి సినిమా చేసేశాక. పక్క పాత్ర వేస్తే పరువు పోతుందనే ఆలోచనే లేదు వాళ్ళకి. ఆ తర్వాత దర్శకుడు జంధ్యాల కూడా అంతే, 1987లో అహ నా పెళ్ళంటలో పిసినారి కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసుకుని దాన్ని చూస్తూ ఉత్తన్నం తింటాడు, అరగుండు బ్రహ్మానందం ఉంటాడు, హీరో రాజేంద్రప్రసాద్ వాళ్ళిద్దరికీ చక్కగా చోటిచ్చి పక్కన నిలబడతాడు.

ఇప్పుడేమైందంటే సినిమా మొత్తం హీరో నడిచే దారి అయిపోయింది, మిగతావాళ్ళంతా ఆ దారి పక్కన కరెంటు స్తంభాల్లా నిలబడి ఉంటారు. అమ్మ ఏడవడానికి, ఫ్రెండు హీరోని పొగడ్డానికి, విలన్ "ఎవడ్రా వాడు" అని అడగడానికి. ఆ విలన్ని కూడా ఎక్కణ్ణుంచో తెస్తారు, పెదాలు ఒకటంటే గొంతు ఇంకోటంటుంది. కోట గారు బతికున్నన్నాళ్ళూ ఈ విషయం మీద మొత్తుకుంటూనే ఉన్నారు, మనవాళ్ళకి వేషాలివ్వండయ్యా అని. 2025 జులైలో ఆయన పోయినప్పుడు అందరూ స్టేటస్‌లు పెట్టారు, ఆయన మాట మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. బయట భాషల నటులంటే నాకు కోపమేం లేదు, బాగా చేసేవాళ్ళున్నారు, కానీ తెనాలిలో, సిద్దిపేటలో, శ్రీకాకుళంలో నాటకాలాడే వాళ్ళు ఇంతమంది ఉండగా ఊరి ప్రెసిడెంటు వేషానికి కూడా ముంబై నుంచి విమాన టికెట్ ఎందుకో నాకర్థం కాదు.

అలాగని కొత్తవన్నీ పనికిరావని చెప్పేవాళ్ళలో నన్ను కలపకండి. 2018లో కేరాఫ్ కంచరపాలెం వచ్చింది, విశాఖలో ఆ పేటలో ఉండేవాళ్ళనే పెట్టి తీశారు, ఒక్కొక్కరూ గుర్తుంటారు. 2023లో బలగం, కొమురయ్య తాత మొదట్లోనే చనిపోతాడు, అయినా ఆయనే సినిమా అంతా ఉంటాడు, కాకి పిండం ముట్టట్లేదని ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకునే సీన్లు చూస్తూ మా అమ్మ మా పెద్దనాన్న వాళ్ళ గొడవలన్నీ చెప్పుకొచ్చింది. తెలంగాణ ఊళ్ళలో తెరలు కట్టి మరీ చూశారు జనం. 2025లో కోర్ట్ వచ్చినప్పుడు మా ఆఫీసులో అందరూ మాట్లాడుకుంది శివాజీ వేసిన మంగపతి గురించే, అంత చిరాకు పుట్టించాడు మనిషి. చూశారా, మళ్ళీ అదే. ఏ సినిమాలో పక్క మనిషికి బతుకుంటే అది నిలబడుతుంది, పాతదైనా కొత్తదైనా.

ఈ రీరిలీజుల గోల ఇంకోటి. 2022లో పోకిరి మళ్ళీ వేసినప్పట్నుంచి మొదలైంది ఇది, మంచిదే, కానీ హాల్లో కాగితాలు చింపడం, స్క్రీన్ ముందు డాన్సులు, ఒక్క డైలాగు వినపడదు. పెద్ద తెర మీద పాత సినిమా చూడాలని నాలాంటివాళ్ళు డబ్బులు పెట్టి వస్తే చూడనివ్వరా? మిస్సమ్మని మంచి ప్రింటుతో ఒక్క వారం వేయమనండి, మా ఇంటిల్లిపాదీ వస్తాం.

మీరు ఏదైనా ఒకటి చూసి తేల్చుకుందాం అనుకుంటే మాత్రం ఫోన్‌లో ఒంటరిగా చూడకండి, ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరో ఒకరు పక్కనుండగా గుండమ్మ కథతో మొదలుపెట్టండి, వాళ్ళ వ్యాఖ్యానం కూడా సినిమాలో భాగమే. తర్వాత మిస్సమ్మ. బ్లాక్ అండ్ వైట్ పడదంటే 1975 నాటి ముత్యాలముగ్గు చూడండి, బాపు రమణలది, రావు గోపాలరావు కాంట్రాక్టర్ కోసమే చూడొచ్చు, పైగా ఈశాన్ ఆర్య కెమెరాకి నేషనల్ అవార్డు కూడా వచ్చింది, కాబట్టి మసక ప్రింటు కాకుండా కాస్త శుభ్రంగా ఉన్నది వెతుక్కుని మరీ చూడండి.