ఉప్పునీటి జీవి ప్రోటీన్‌తో కంప్యూటర్ మెమరీ సాధ్యమేనా?

ప్రశ్న: ఉప్పు మడుగుల్లో బతికే ఒక సూక్ష్మజీవి ప్రోటీన్‌ను మార్చి కంప్యూటర్ మెమరీగా వాడే ప్రయత్నాలు జరిగాయని చదివాను. వేడి తగిలితే గుడ్డులోని ప్రోటీనే గడ్డకడుతుంది కదా, పరికరంలో ఇదెలా నిలుస్తుంది? మార్చడమంటే ఏం చేస్తారు?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు చదివింది బాక్టీరియోరొడాప్సిన్ గురించి. హాలోబాక్టీరియం సాలినారమ్ అనే జీవి పొరలో ఈ ఊదారంగు ప్రోటీన్ ఉన్నట్టు ఓస్టర్‌హెల్ట్, స్టోకేనియస్ అనే శాస్త్రజ్ఞులు 1971లో వెల్లడించారు. వేడి గురించిన మీ సందేహం సబబైనదే. అయితే ఈ ప్రోటీన్ అణువులు పొరలో మూడేసి చొప్పున జట్టుకట్టి, స్ఫటికంలో ఉన్నంత క్రమంగా అమరి ఉంటాయి కాబట్టి, ఎండబెట్టిన పొర సుమారు 140 డిగ్రీల సెల్సియస్ వరకు తట్టుకోగలదు.

ఇక అసలు చిక్కు దాని వేగంలో ఉంది. వెలుతురు పడగానే, ప్రోటీన్ నడుమ ఇమిడి ఉన్న, కాంతిని పీల్చుకునే రెటినాల్ అనే అణువు సెకనులో లక్షకోటవ వంతు కూడా పట్టకుండా వంపు తిరుగుతుంది. ఆ కదలికతో ఒక ప్రోటాన్ కణం వెలుపలికి వెళ్తుంది, ఊదారంగు పసుపుగా మారుతుంది, దాదాపు 10 మిల్లీసెకన్లలో అంతా మళ్లీ మొదటికి వస్తుంది. శక్తిని కూడబెట్టుకోవలసిన జీవికి ఈ తొందర వరమే కానీ, రాసినదాన్ని నిలుపుకోవలసిన మెమరీకి ఇది పనికిరాదు.

అందుకే శాస్త్రజ్ఞులు జన్యువును సవరించి, ఈ ప్రోటీన్ గొలుసులోని 248 అమైనో ఆమ్లాలలో 96వ స్థానంలో ఉన్న ఆస్పార్టిక్ ఆమ్లం బదులు ఆస్పరజిన్‌ను పెట్టారు. రెటినాల్‌కు ప్రోటాన్‌ను తిరిగి అందించేది ఆ ఆమ్లమే. అది లేకపోయేసరికి పసుపు స్థితి ఎన్నో రెట్లు ఎక్కువసేపు నిలిచింది. దానిపై నీలికాంతి వేస్తే వెంటనే ఊదారంగుకు తిరిగి వస్తుంది కనుక, రాయడం, చెరపడం రెండూ కాంతితోనే సాధ్యమయ్యాయి. ఒక్క అమైనో ఆమ్లం మార్పుతో ఇంత జరగడం ఈ రంగంలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునే విషయం. అమెరికాలో రాబర్ట్ బర్జ్ బృందం మరో దారి పట్టింది. వెలుతురు పడ్డాక ప్రోటీన్ మారి మళ్లీ మొదటికి వచ్చే చక్రం చివరి దశలో ఎర్రకాంతి వేసి, ఏళ్ల తరబడి నిలిచే ఒక పక్కస్థితిలోకి ప్రోటీన్‌ను మళ్లించి, ఘనాకారంలో సమాచారాన్ని దాచవచ్చని చూపింది.

ఇది సిలికాన్ మెమరీ స్థానాన్ని ఆక్రమిస్తుందని మాత్రం నేను అనుకోను. సిలికాన్ చిప్‌లు ఈలోగా అంత చౌకగా, అంత చిన్నవిగా మారిపోయాయి. కాంతిని నేరుగా విద్యుత్ సంకేతంగా మార్చడమే ఈ ప్రోటీన్‌కు సహజమైన పని. దీన్ని పొరలు పొరలుగా పేర్చి కృత్రిమ రెటీనా తయారుచేసే పరిశోధన నడుస్తోంది. చూపు కోల్పోయినవారికి పనికొచ్చే ఆ దారిపైనే నాకు ఎక్కువ ఆశ ఉంది.