స్కానర్ ఉండగా మెకానిక్‌తో పనేముంది?

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు రెండో ఏడాది చదువుతున్నాడు. సెలవుల్లో విజయవాడ ఆటోనగర్‌లో మా బంధువుల షెడ్డుకు వెళ్తాడు. స్కానర్ (బండి ఫాల్ట్ కోడ్‌లు చదివే పరికరం) పెడితే కంప్యూటరే బండిలో లోపమేంటో చెప్పేస్తుంది, ఇక మెకానిక్‌తో పనేముంది అంటున్నారు. వేరే కోర్సుకు మార్చమంటారా?
– ఒక తండ్రి

జవాబు: మార్చొద్దండి. లోపమేంటో స్కానరే చెప్పేస్తుందన్న మాట నిజం కాదు. పీ0016 అనే కోడ్ చూడండి. క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్టు), క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్టు) సెన్సర్ల సిగ్నళ్లు ఒకదానితో ఒకటి పొసగడం లేదని మాత్రమే దాని అర్థం. ఆ రెంటినీ కలిపే టైమింగ్ చైన్ సాగి ఉండొచ్చు. బెల్టు వేసినప్పుడు ఒక పన్ను తప్పి ఉండొచ్చు. క్యామ్ టైమింగ్ మార్చే ఆయిల్ కంట్రోల్ వాల్వ్ బిగుసుకుపోయినా ఇదే కోడ్ వస్తుంది. సెన్సర్ పేరు కనబడగానే సెన్సర్ మార్చేసేవాళ్లు చాలామంది. రెండు రోజులకు మళ్లీ అదే చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. ఓనరు డబ్బూ పోతుంది, షెడ్డు మీద నమ్మకమూ పోతుంది.

ఇక స్పార్క్ టైమింగ్, అంటే ప్లగ్ ఏ క్షణంలో నిప్పురవ్వ ఇవ్వాలన్న లెక్క. కార్బురేటర్ మారుతి 800ల కాలంలో టైమింగ్ లైటు పట్టుకుని, డిస్ట్రిబ్యూటర్ తిప్పి సెట్ చేసేవారు. ఇప్పుడు తిప్పడానికి ఏమీ లేదు, ఈసీయూనే (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) లెక్కగడుతుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర క్రాంక్ ఒక్క మిల్లీసెకనులో 18 డిగ్రీలు తిరుగుతుంది. సిగ్నల్ కాస్త చెదిరినా ఆ లెక్క తప్పుతుంది. ఇంజిన్ నాక్ కొడుతోందని (ఇంధనం అదుపు తప్పి మండి టకటకమంటోందని) నాక్ సెన్సర్ చెబితే ఈసీయూ స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, బండి లాగదు. ఓనరు వచ్చి చెప్పేది మాత్రం ‘పికప్ లేదు’ అనే. ఆ ఒక్క మాట నుంచి అసలు కారణం దాకా వెళ్లడమే మీ అబ్బాయి నేర్చుకోవాల్సిన విద్య.

ఖరీదైన స్కానర్ ఇప్పుడే కొనివ్వొద్దు. ముందు మంచి మల్టీమీటరు, వైరింగ్ డయాగ్రమ్ చదివే అలవాటు కావాలి. క్రాంక్ సెన్సర్ రెండు వైర్లదైతే రెసిస్టెన్స్, సెల్ఫ్ కొట్టేటప్పుడు వచ్చే ఏసీ వోల్టేజి చూడాలి. మూడు వైర్ల హాల్ సెన్సరైతే (అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే రకం) ముందు సప్లై, ఎర్త్ అందుతున్నాయో లేదో చూసి, తర్వాతే సిగ్నల్ జోలికి వెళ్లాలి. ఇంకో మాట గట్టిగా చెప్పండి: కోడ్ చెరిపేసే ముందు ఫ్రీజ్ ఫ్రేమ్ రాసుకోవాలి. తప్పు దొరికిన క్షణంలో ఇంజిన్ వేడి, ఆర్‌పీఎం, లోడు ఎంతున్నాయో అందులో ఉంటుంది. కోడ్‌తో పాటే అదీ చెరిగిపోతుంది.

చదువు విషయానికొస్తే, ఐటీఐ పూర్తిచేయనివ్వండి. తర్వాత ఏదైనా కంపెనీ సర్వీస్ సెంటర్లో అప్రెంటిస్‌గా చేరితే బీఎస్-6 కాలుష్య ప్రమాణాల బండ్ల మీద చెయ్యి తిరుగుతుంది. పై చదువు మీద ఆసక్తి ఉంటే బ్రిడ్జి కోర్సు చేసి ఎల్‌పీసెట్ (ఐటీఐ వాళ్లు పాలిటెక్నిక్‌లో చేరేందుకు రాసే ప్రవేశ పరీక్ష) రాసి డిప్లొమా రెండో ఏడాదిలో చేరే దారి ఉంది. అర్హతలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో సరిచూసుకోండి. ఎలక్ట్రిక్ కార్లకు స్పార్క్ ఉండదు కానీ సెన్సర్లు, వైర్లు, ఫాల్ట్ కోడ్‌లు ఉంటాయి. కాబట్టి ఈ నేర్పు అక్కడా పనికొస్తుంది.

ఈ సెలవుల్లోనే అతనికి ఒక నోటుపుస్తకం కొనివ్వండి. షెడ్డుకొచ్చిన ప్రతి బండికీ ఓనరు చెప్పిన మాట, వచ్చిన కోడ్, ఏమేం పరీక్షించారు, చివరికి దొరికిన తప్పు రాయమనండి. అప్రెంటిస్ ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం చేత్తో పట్టుకెళ్లమనండి.