లారీ కొనే ముందు అత్తయ్య రాసిన లెక్క

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య దీవించి రాయునది.

నువ్వు పది చక్రాల బండి కొని సొంతంగా తోలుకుంటానంటున్నావని అన్నయ్య ఫోన్లో చెప్పాడు. వినగానే ఛాతీ పొంగింది. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. వద్దని చెప్పడానికి రాయడం లేదురా. లారీ లెక్కల పుస్తకం ఏళ్ళ తరబడి రాసిన చెయ్యి ఇది, నువ్వు సంతకం పెట్టే లోపు ఆ లెక్క నీ ముందుంచితే తప్ప దీనికి శాంతి లేదు.

కాగితాల సంగతి నీకు తెలిసిందే, గబగబా చెప్పేస్తాను. సెకండ్ హ్యాండ్ బండి అయితే పాత ఫైనాన్సు తీరినట్టు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికొచ్చాకే డబ్బు కట్టు. పెండింగు చలానాలు ఆన్‌లైన్‌లో చూసుకో. ఆర్సీలో బండీ సరుకూ కలిపి రాసిన మొత్తం బరువే నీ పాసింగు. 2018లో పది చక్రాల బండికి 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచారు కదా అని, 25 అని రాసి ఉన్న పాత ఆర్సీ మీద 28 తూగేలా ఎక్కించకు. ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, ఆ తర్వాత ఏటా. నేషనల్ పర్మిట్టు నీ బండిలా రెండుకు మించి ఇరుసులున్న మల్టీ యాక్సిల్ బండికి 15 ఏళ్ళు నిండేదాకే ఇస్తారు. ఇన్సూరెన్సులో క్లీనర్ కుర్రాడికి కూడా కవరు తీసుకో, ఆ కాస్త డబ్బు దగ్గర మాత్రం పిసినారితనం చూపించకు. అంతే, ఇవి ఎవరైనా చెప్తారు.

ఎవరూ చెప్పనిది ఒకటుంది. అన్నయ్య నాతో ఏమన్నాడో తెలుసా? "వాడు లెక్క వేశాడు, వాయిదా పోగా నెలకు ముప్పై వేలు మిగులుతుందట" అన్నాడు. ఆ ముప్పై వేలే నా భయం. సొంత బండి కొన్న ప్రతి డ్రైవరూ మొదట వేసేది ఆ లెక్కే. తప్పు పుట్టేదీ అక్కడే.

రా, నీ లెక్కనే నా పుస్తకంలో రాద్దాం. అంకెలు అనుకున్నవే, నీ రూటుకి, నీ కిరాయికి తగ్గట్టు మార్చుకో. బండి 17 లక్షలు, చేతి డబ్బు 5 లక్షలు, అప్పు 12 లక్షలు. నూటికి 14 వడ్డీ, 48 నెలలు. వాయిదా 32,800 వస్తుంది. 28 టన్నుల పాసింగులో బండి బరువు పోను సరుకు 18 టన్నులు. 500 కిలోమీటర్ల దూరం, పోను రాను 1,000. లోడింగుకి ఆగడం, అన్‌లోడింగుకి ఆగడం అన్నీ కలిపి నెలకు ఐదు రౌండ్లు. పోయేటప్పుడు టన్నుకు 2,100, వచ్చేటప్పుడు 1,300. ఐదు రౌండ్లలో మూడింటికే రిటర్న్ లోడు దొరికిందనుకో. అప్పుడు నెల కిరాయి 2,59,200.

ఇప్పుడు ఖర్చు. లోడుతో లీటరుకు 4 కిలోమీటర్లు, ఖాళీగా ఐదున్నర చొప్పున 1,182 లీటర్ల డీజిలు. లీటరు 97 అనుకుంటే 1,14,650. కొత్త పొగ నిబంధనల బీఎస్‌6 బండి కాబట్టి పొగని శుభ్రం చేసే డెఫ్ అనే ద్రవం వేరే ట్యాంకులో పొయ్యాలి, డీజిలు వాడకంలో నూటికి ఐదు వంతులు, అది 3,540. ఫాస్టాగు టోలు 35,000. ఎనిమిది లోడ్లకు బ్రోకరు కమీషను 6,400. హమాలీ, కాటా, పట్టా కట్టించడం, పార్కింగు కలిపి 12,000. క్లీనర్ జీతం 10,000, ఇద్దరి బత్తా 14,000. మొత్తం 1,95,600. మిగిలింది 63,600. అందులో వాయిదా కడితే 30,800. నీ ముప్పై వేలు వచ్చేసింది కదా?

ఆ డబ్బు నీది కాదు నాన్నా. అందులో ఎవరి వాటా ఎంతో చూడు.

టైరు 22,000 చొప్పున పదింటికి 2,20,000. అవి 80,000 కిలోమీటర్లు నడిచాయనుకో, కిలోమీటరుకు రెండు రూపాయల డెబ్బై అయిదు పైసలు అరుగుతోంది. నెలకు 13,750. ఆయిలు, ఫిల్టర్లు, గ్రీజు, బ్రేకు లైనర్లు, క్లచ్చి ప్లేటు, కమాను పట్టీలు కలిపి కిలోమీటరుకు 2 రూపాయలు పెట్టుకుంటే 10,000. ఇన్సూరెన్సులో థర్డ్ పార్టీ ఒక్కటే, 20 నుంచి 40 టన్నుల బండికి 2022లో ఖాయం చేసిన రేటు 43,950. బండికి కూడా కలిపి ఏడాదికి 75,000 అనుకుంటే నెలకు 6,250. నేషనల్ పర్మిట్టు ఏడాదికి 16,500, మూడు నెలలకోసారి కట్టే పన్ను, ఎఫ్‌సీ, పొల్యూషను కలిపి నెలకు 4,000. ఇవన్నీ కూడితే 34,000. నీ చేతిలో ఉన్నది 30,800. అంటే 3,200 తక్కువ. నీ జీతం ఇంకా రాయనేలేదు.

తప్పు పుట్టేది అక్కడే అన్నది ఇందుకేరా. టైరు ఈ నెల డబ్బు అడగదు, క్లచ్చి ఈ నెల అడగదు, ఇన్సూరెన్సు ఏడాదికోసారి తప్ప గుర్తు రాదు. డీజిలు బంకులో అప్పటికప్పుడు కట్టాలి కాబట్టి అది ఖర్చులా కనిపిస్తుంది, అరిగే రబ్బరు కనిపించదు. జేబులో మిగిలిందంతా సంపాదన అనుకుని ఇంటికి పంపిస్తారు. ఇంట్లో పిల్లల ఫీజులు, చీటీలు, పెళ్ళి కట్నకానుకలు ఆ అంకెని బట్టే కుదురుకుంటాయి. ఏడాదిన్నరకి టైర్లన్నీ ఒకేసారి గుండయిపోతాయి. అదే నెలలో ఇన్సూరెన్సు పడుతుంది. చేతిలో ఏమీ ఉండదు. అప్పుడు టైర్ల షాపులో అరువు, దాని మీద వడ్డీ. ఆ అరువు తీర్చడానికి నెలకు ఐదు రౌండ్లు తోలేవాడు ఆరు తోలడానికి చూస్తాడు. ఆరో రౌండు ఎక్కడి నుంచి వస్తుంది? నిద్రలో నుంచి వస్తుంది. అది కూడా చాలకపోతే రెండు టన్నులు ఎక్కువ ఎక్కిస్తాడు. లారీ వాళ్ళు మునిగేది డీజిలు రేటుతోనే అనుకుంటారు అందరూ. టైరు డబ్బు తినేసినవాడే ముందు మునుగుతాడు.

అందుకని బండి మొదటి రౌండు కొట్టిన రోజే వేరే బ్యాంకు ఖాతా తెరువు. ప్రతి ట్రిప్పు అయ్యాక ఓడోమీటరు చూసి కిలోమీటరుకు 4.75 చొప్పున అందులో వెయ్యి. 1,000 కిలోమీటర్ల రౌండుకి 4,750. ఇన్సూరెన్సు, పర్మిట్టు కోసం నెలకు 10,250 అదే ఖాతాలో. ఆ ఏటీఎం కార్డు నీ దగ్గర ఉంచుకోకు, అమ్మాయికి, అదే నీ భార్యకి, ఇవ్వు. ఆ ఖాతా బండిది. అందులోంచి ఇంటికి రూపాయి తియ్యకూడదు, నేను అడిగినా సరే.

వాయిదా తీరాక బండి సొంతమవుతుంది కదా అంటావు. అవుతుంది, కాదనను. నాలుగేళ్ళ తర్వాత ఆ బండికి 9 లక్షలు పలికిందనుకో. అందులో నువ్వు ముందు పెట్టిన 5 లక్షలు తీసెయ్యి. నెలనెలా తక్కువ పడ్డ 3,200 నలభై ఎనిమిది నెలలకు 1,53,600 అవుతుంది, అదీ తీసెయ్యి. మిగిలేది 2,46,400. నెలకు పంచితే ఐదు వేల చిల్లర. నాలుగేళ్ళు రాత్రనక పగలనక తోలిన డ్రైవరుకి బత్తా పోగా జీతం అదీ. ఇప్పుడు నీ ఓనరు నీకిస్తున్న జీతం పక్కన పెట్టి చూసుకో. నిన్ను చిన్నబుచ్చడానికి కాదురా, ఈ అంకె నీకు నేను చెప్తేనే బావుంటుంది, ఫైనాన్సు వాడు వచ్చి చెప్పడం కంటే.

మరి సొంత బండితో బతికేవాళ్ళు లేరా? ఉన్నారు. వాళ్ళు బతికేది రిటర్న్ లోడు మీద. ఈ లెక్కలోనే చూడు. పోయేటప్పుడు లోడు, వచ్చేటప్పుడు ఖాళీ అయిన రౌండులో 37,800 కిరాయికి డీజిలు, డెఫ్, టోలు, కమీషను, హమాలీ, టైరు, సర్వీసు పోతే 2,150 మిగులుతుంది. బత్తా, క్లీనర్ జీతం, వాయిదా ఇంకా అందులోంచే కట్టాలి. అదే వచ్చేటప్పుడు కూడా లోడు పడితే మరో 17,700 కలుస్తుంది. బండి ఎలాగూ వెనక్కి రావాలి, టోలు ఎలాగూ కట్టాలి, లోడు వల్ల పెరిగేది కాస్త డీజిలు, కమీషను, హమాలీ మాత్రమే. మూడు రిటర్న్ లోడ్లకు బదులు ఐదూ దొరికితే 3,200 తక్కువ పడ్డది కాస్తా 32,200 మిగులుగా మారుతుంది. నీ బతుకంతా ఆ రెండు లోడ్ల మీద ఉంది.

కాబట్టి బండి చూడడానికి ముందు రూటు చూడు. అవతలి ఊళ్ళో సరుకు పుట్టే చోటు ఏది, ఏ నెలల్లో పుడుతుంది, ఏ నెలల్లో ఉండదు, అక్కడ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లో నిన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎంతమంది? కనీసం మూడు ఆఫీసులు ఉండాలి. లోడు దించే ముందు రోజే అవతలికి ఫోను చెయ్యి, అన్‌లోడు అయ్యాక వెతుక్కోవడం మొదలుపెడితే రెండు రోజులు పోతాయి. తక్కువ కిరాయికైనా తిరుగు లోడు ఎత్తు, కానీ అది నీ దారిలో ఉండాలి. 150 కిలోమీటర్లు ఖాళీగా పక్కకు పోయి తెచ్చే లోడుకి ఆ డీజిలు, టోలు, ఒక రోజు కలిపి లెక్కేసుకున్నాకే సరే అను.

ఒకప్పుడు ప్రతి సరిహద్దు చెక్‌పోస్టు దగ్గరా బారులు తీరి గంటలకు గంటలు నిలబడేవి బళ్ళు. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు పోయాయి, ఇప్పుడు రోడ్డు మీద వృథాగా పోయే టైము తగ్గింది. పోయే టైమంతా గోడౌన్ల గేట్ల దగ్గరే. అందుకే గేటు లోపలికి వెళ్ళిన టైము రసీదు మీద రాయించుకో, సంతకం పెట్టించుకో. అది లేనిదే బండి ఆపి ఉంచినందుకు ఇచ్చే హాల్టింగు డబ్బులు ఎవరూ ఇవ్వరు. సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ కాగితం, ఈ-వే బిల్లుకి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. దారిలో బండి చెడితే గడువు తీరడానికి ఎనిమిది గంటల ముందు నుంచి, తీరిన ఎనిమిది గంటల లోపు పొడిగించుకోవచ్చు. ట్రాన్స్‌పోర్టు వాళ్ళకి వెంటనే ఫోను చెయ్యి, మొహమాటపడకు. కిరాయిలో బ్యాలెన్సు డబ్బులు సరుకు ముట్టినట్టు సంతకం పడిన రసీదు చేరాకే వస్తాయి కనుక, వారాలు పట్టినా బండి ఆగకుండా ఒక లక్ష పక్కనుంచుకో. ఆ లక్ష లేకపోతే బండి మరో ఆరు నెలలు ఆగి కొను.

టైర్ల గురించి ఇంకో మాట. ముందు రెండింటికీ ఎప్పుడూ కొత్తవే, పాత టైరు మీద కొత్త రబ్బరు వేసి రీట్రెడ్ చేసినవి వెనక జతలకే. జతలో రెండు టైర్లూ ఒకే అరుగుదల మీద ఉండాలి. ఒకటి పెద్దదైతే బరువంతా అదే మోసి వేడెక్కి పేలుతుంది. గాలి ఎంతుందో టైరు చల్లగా ఉన్నప్పుడు, బండి కదలకముందు చూడాలి. లోపలి టైరుని ఎవరూ చూడరు, నువ్వు చూడు. డెఫ్ సీలున్న డబ్బాలోదే కొను. డెఫ్ లేకుండా నడిచేలా సెన్సారుని ఏమారుస్తానని ఎవరైనా అంటే ఆ షెడ్డుకి మళ్ళీ పోకు.

ఓవర్‌లోడు. మూడు టన్నులు ఎక్కువ వేస్తే టన్నుకు 2,100 చొప్పున వచ్చేది 6,300. పట్టుబడితే 2019 సవరణ ప్రకారం 20,000, దాని మీద టన్నుకు 2,000, అంటే 26,000. అదనపు సరుకు దించే ఖర్చూ నీదే. నాలుగుసార్లు తప్పించుకుని ఒకసారి దొరికినా లాభం తుడిచిపెట్టుకుపోతుంది. కమాను పట్టీలు, టైర్లు, బ్రేకులు మాత్రం ఐదుసార్లూ ఆ బరువు మోస్తాయి.

ఇంక నా అసలు భయం. తెల్లవారుజాము రెండింటి నుంచి ఐదింటి దాకా బండి తోలొద్దు. ఎంత టీ తాగినా, ఎంత కిటికీ తీసినా ఆ వేళ కళ్ళు నీ మాట వినవు. 1961 నాటి మోటారు ట్రాన్స్‌పోర్టు కార్మికుల చట్టంలో రోజుకు 8 గంటలు, ఐదు గంటలు తోలితే అరగంట విశ్రాంతి అని ఉండేది. అది ఐదుగురికి తక్కువ కాకుండా పనిచేసే చోట్లకి వర్తించేది. నీ బండికి ఓనరువీ నువ్వే, డ్రైవరువీ నువ్వే. ఆపమని చెప్పే ఓనరు లేడు, ఆపనని గొడవపడే డ్రైవరు లేడు. అందుకే నేను చెప్తున్నాను. ఐదు రౌండ్లకు లెక్క కుదరకపోతే రూటు మార్చు, కిరాయి మార్చు, లేదంటే కొనడం మానెయ్యి. నిద్ర తగ్గించి కుదిర్చే లెక్క నా పుస్తకంలో రాయను, నీ పుస్తకంలోనూ రాయనివ్వను.

పన్ను సంగతి ఒకటి మర్చిపోయాను. పది బళ్ళకు మించి లేనివాళ్ళకి 1961 ఆదాయపన్ను చట్టంలో 44ఏఈ సెక్షను కింద 12 టన్నులు దాటిన బండికి టన్నుకు నెలకు 1,000 ఆదాయం అని లెక్క కట్టే పద్ధతి పెట్టారు. 28 టన్నులకు ఏడాదికి 3,36,000. నీకు నిజంగా అంత మిగిలినా మిగలకపోయినా, పన్ను రిటర్ను మాత్రం ఏటా వేయించు. రెండో బండికి అప్పు అడిగిన రోజున అది అక్కరకొస్తుంది.

ఫైనాన్సు వాళ్ళిచ్చిన వాయిదాల షీటు ఫోటో తీసి పంపు. వడ్డీ చివరిదాకా మొదటి అప్పు మొత్తం మీదే కట్టించే ఫ్లాట్ రేటా, తగ్గుతూ వచ్చే బ్యాలెన్సు మీదా అని అడిగి రాయించుకుని మరీ పంపు. 12 లక్షలకు ఫ్లాట్ 14 అయితే వాయిదా 32,800 కాదు, 39,000 అవుతుంది. అవతలి ఊళ్ళో నీకు తెలిసిన మూడు ఆఫీసుల పేర్లు కూడా దాని కిందే రాయి. అవి చూసేదాకా అడ్వాన్సు ఇవ్వకు. అమ్మాయిని, పిల్లల్ని అడిగానని చెప్పు. జాగ్రత్తగా తిను, జాగ్రత్తగా పడుకో.

ఇట్లు,
మీ అత్తయ్య