నీళ్లలోనే ఉన్నాం కదా, ఎండ దెబ్బ ఎలా తగిలింది?

ప్రశ్న: మాకు ఎనిమిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప. పోయిన వేసవిలో మా అత్తగారితో కలిసి వాటర్ పార్క్‌కు వెళ్లి పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా ఉన్నాం. ఇంటికొచ్చాక పాపకు తలనొప్పి, రెండు వాంతులు. మూడో రోజు బాబుకు చెవిపోటు. షుగర్ ఉన్న అత్తగారికి అరికాళ్లలో బొబ్బలు లేచాయి. అంతా క్లోరిన్ వల్లేనన్నారు చూసినవాళ్లు. ఇప్పుడు పిల్లలు మళ్లీ వెళ్దామని గొడవ. తీసుకెళ్లొచ్చా, డాక్టర్ గారూ?

జవాబు: నిరభ్యంతరంగా తీసుకెళ్లండి. కాకపోతే మీ ముగ్గురి ఇబ్బందులకూ కారణాలు వేరు. క్లోరిన్‌ది వాటిలో చాలా చిన్న పాత్ర.

పాపను అప్పుడు నేను చూడలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను గానీ, మీరు రాసినదాన్ని బట్టి అది ఎండ వల్ల, ఒంట్లో నీరు తగ్గడం వల్ల వచ్చినదే అనిపిస్తోంది. నీళ్లలో ఆడుతున్నా చెమట పడుతూనే ఉంటుంది. ఒళ్లంతా తడిగా ఉండడంతో ఆ సంగతి మనకు తెలియదు. ఆటలో పడిన పిల్లలు దాహమని అడగరు. అందుకే అడిగేదాకా ఆగకుండా అరగంటకోసారి నాలుగు గుక్కలు మీరే తాగించండి. మూత్రం ముదురు పసుపు రంగులో వచ్చినా, గంటల తరబడి రాకపోయినా నీరు చాలలేదని అర్థం. తలనొప్పి, వికారం మొదలైతే వెంటనే నీడకు తెచ్చి, ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా పట్టండి.

మాట తడబడినా, మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, జ్వరం 104 డిగ్రీలు దాటినా అది వడదెబ్బే. అంబులెన్స్‌కు ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూ విసురుతూ ఉండండి. పారాసిటమాల్ ఈ వేడిని దించదు. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో ఏమీ పోయకూడదు.

అసలు ఏడు గంటలు ఉండడమే ఎక్కువ. గేటు తెరవగానే వెళ్లి, పదకొండు దాటాక నీడలోకి వచ్చేసి, ఎండ తగ్గాక మళ్లీ దిగండి. టికెట్ కొన్నాం కాబట్టి మూసేదాకా ఉండాల్సిందే అన్న పట్టుదల వల్లే సగం మంది మా దగ్గరికి వస్తుంటారు! సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా తీసుకుని, ఇరవై నిమిషాల ముందే రాయండి. తర్వాత రెండు గంటలకోసారి, టవల్‌తో తుడిచిన ప్రతిసారీ మళ్లీ రాయాలి. పొడుగు చేతుల ఈత దుస్తులైతే ఇంకా మేలు.

బాబు చెవి విషయానికొస్తే, చెవి రంధ్రంలో తడి నిలిచిపోతే అక్కడ సూక్ష్మజీవులు పెరుగుతాయి. చెవి ముందుండే చిన్న బొడిపెను నొక్కితే నొప్పి పెరుగుతోందంటే చాలావరకు ఇదే. ఆట అయ్యాక తల ఒక పక్కకు వంచి నీళ్లు కారిపోనివ్వండి, బయట టవల్‌తో అద్దండి. ఇయర్ బడ్స్ పెట్టొద్దు, నూనె పోయొద్దు. కర్ణభేరికి రంధ్రం ఉన్నా, చెవిలో గొట్టాలు అమర్చి ఉన్నా ముందుగా ఈఎన్‌టీ డాక్టర్‌ను అడగండి.

ఇక క్లోరిన్. ఘాటుగా వాసన వస్తే మందు ఎక్కువేశారనుకుంటాం. నిజానికి చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసినప్పుడు పుట్టే క్లోరమైన్ల వాసన అది. కళ్లు మండడం, దగ్గు రావడం ఎక్కువగా వాటివల్లే. ఆస్తమా ఉన్నవాళ్లు అలాంటి కొలనులో దిగకపోవడం మంచిది. అలాగని క్లోరిన్ అన్ని క్రిములనూ వెంటనే చంపేస్తుందని కాదు. విరేచనాలు కలిగించే క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి క్లోరిన్ సరిపడా ఉన్న నీళ్లలోనూ వారం రోజులకు పైగా బతకగలదు. నీళ్లు మింగొద్దని పిల్లలకు చెప్పండి. విరేచనాలు అయిన పిల్లల్ని, తగ్గాక కూడా రెండు వారాలు నీళ్లలో దింపకండి.

మీరు అడగలేదు గానీ నాకు అన్నిటికన్నా భయం ఇదే. మునిగిపోయే పిల్లలు కేకలు వేయరు, చేతులు ఊపరు. మోకాలి లోతు నీళ్లలో, నలుగురి మధ్యే, చప్పుడు లేకుండా మునిగిపోతారు. చేతులకు తొడిగే గాలి బుడగలను నమ్మొద్దు. మీ పాపకు చేయి చాపితే అందేంత దూరంలో, ఫోన్ పక్కన పెట్టి, ఎప్పుడూ ఒక పెద్దవారు ఉండాలి. పెద్దలు వంతులేసుకోండి. నీళ్లు మింగి ఉక్కిరిబిక్కిరైన పిల్లలకు దగ్గు ఆగకపోయినా, ఊపిరి కష్టమైనా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మీ అత్తగారికి బొబ్బలు లేచింది కాలిన సిమెంటు గచ్చు మీద నడవడం వల్లే అయుంటుంది. షుగర్ వల్ల అరికాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకు కాలుతున్నట్టు తెలియదు. వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు నీళ్లలో కూడా వేసుకోమనండి. సాయంత్రం అరికాళ్లు, వేళ్ల సందులు మీరే చూడండి. పుండు ఉంటే అసలు దిగొద్దు. బీపీకి మూత్రం ఎక్కువ వచ్చే మాత్ర వాడుతుంటే ముందే తన డాక్టర్‌తో మాట్లాడాలి. ఇన్సులిన్ తీసుకుంటుంటే, ఎండకు, ఆటకు షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు కాబట్టి గ్లూకోజ్ దగ్గరుంచుకోవాలి. ఇన్సులిన్‌ను మాత్రం ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, ఆ వేడికి మందు పాడైపోతుంది.