చైనీస్ కోర్సు కోసం అమ్మాయి పెళ్లి డిపాజిట్ తీయవచ్చా?

ప్రశ్న: తిరుపతిలో ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. పదవీ విరమణకు ఇంకా మూడేళ్లు ఉంది. మా అమ్మాయి బీకాం పూర్తి చేసి, హైదరాబాద్‌లో ఉంటూ చైనీస్ నేర్చుకుంటోంది. చైనీస్ భాషా సామర్థ్యాన్ని కొలిచే హెచ్‌ఎస్‌కే పరీక్షలో రెండో స్థాయి పాసైంది. బీజింగ్ లాంగ్వేజ్ అండ్ కల్చర్ యూనివర్సిటీలో ఏడాది భాషా కోర్సు చేస్తానంటోంది. తన పెళ్లి కోసం దాచిన 9 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. అది తీయాలా, విద్యారుణం తీసుకోవాలా, నా భార్య నగలు తాకట్టు పెట్టాలా?

జవాబు: మీరు డబ్బు ఎక్కడి నుంచి తేవాలని అడిగారు. దానికి ముందు, ఎంత కాలానికి తేవాలన్నది తేల్చుకోవాలి. ఏడాది మొత్తానికి ఇప్పుడే సిద్ధపడవద్దు. మొదట స్కాలర్‌షిప్‌కు ప్రయత్నించండి. అది రాకపోతే ఒక్క సెమిస్టర్‌కు మాత్రమే డబ్బు సర్దండి.

అమ్మాయి ఎంచుకున్న విద్యాసంస్థ గురించి మీకు అనుమానం అక్కర్లేదు. విదేశీ విద్యార్థులకు చైనీస్ నేర్పడమే ప్రధాన లక్ష్యంగా 1962లో మొదలైన విశ్వవిద్యాలయం అది. హెచ్‌ఎస్‌కే పరీక్షకు 1984లో రూపకల్పన ప్రారంభమైంది కూడా అక్కడే. ఎన్నో దేశాల వారు కలిసి చదువుకుంటారు కాబట్టి దానికి ‘చిన్న ఐక్యరాజ్యసమితి’ అనే పేరు వచ్చింది. ఇప్పటి కజకిస్తాన్ అధ్యక్షుడు టొకాయెవ్ 1983-84లో అక్కడ భాషా శిక్షణ పొందారు. అయితే ఆయన అప్పటికే విదేశాంగ శాఖలో ఉద్యోగి అన్న విషయం మీరు గమనించాలి. చేతిలో ఒక వృత్తి ఉన్నవారికి ఈ కోర్సు బలాన్నిస్తుంది. చివర వచ్చేది సర్టిఫికెట్ మాత్రమే, డిగ్రీ కాదు కాబట్టి కోర్సు ఒక్కటే వృత్తిగా మారదు. మీ అమ్మాయికి బీకాం ఉండటం ఈ లెక్కలో చాలా విలువైన విషయం. ఖాతాలు, దిగుమతి పత్రాలు చదవగలిగి, చైనీస్ కూడా మాట్లాడగలిగిన మనిషికి ఉండే గిరాకీ వట్టి అనువాదకురాలికి ఉండదని నా అభిప్రాయం.

ఇప్పుడు ఒక సెమిస్టర్ ఖర్చు చూద్దాం. ఫీజు, హాస్టల్, భోజనం అంకెలు లెక్క కోసం నేను ఊహించి వేసుకున్నవి, విశ్వవిద్యాలయం పంపే ప్రవేశ పత్రాన్ని బట్టి వాటిని మీరు సరిచేసుకోవాలి. ఫీజు 14,000 యువాన్లు, ఇద్దరు పంచుకునే హాస్టల్ గదికి రోజుకు 80 చొప్పున 140 రోజులకు 11,200, భోజనానికీ ప్రయాణాలకూ నెలకు 2,500 చొప్పున ఐదు నెలలకు 12,500 అనుకుందాం. వీటికి అర్ధ సంవత్సరానికి 400 యువాన్ల తప్పనిసరి ఆరోగ్య బీమా, ఏడాది లోపు నివాస అనుమతికి మరో 400 కలిపితే మొత్తం 38,500 యువాన్లు అవుతుంది. మారకం రేటును కావాలనే కొంచెం పైకి జరిపి, యువానుకు 14 రూపాయలు వేస్తే 5,39,000 రూపాయలు. విమానం, వీసా, వైద్య పరీక్షలకు 80,000 కలిపితే 6,19,000 దాకా వస్తుంది. యువాను ఒక్క రూపాయి పెరిగితే మీ ఖర్చు 38,500 రూపాయలు పెరుగుతుందని గుర్తుంచుకోండి. ఇదే లెక్కన ఏడాదికి దాదాపు 11 లక్షల 60 వేలు కావాలి. మీ డిపాజిట్ ఒక సెమిస్టర్‌ను భరించి ఇంకా కొంత మిగులుతుంది, రెండింటినీ మాత్రం భరించలేదు. ఆ తేడా కోసమే నగలు, అప్పులు మీ ఆలోచనలోకి వచ్చి ఉంటాయని అనుకుంటున్నాను.

విద్యారుణం మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దని చెప్పాలి. విదేశీ చదువులకు బ్యాంకులు ప్రధానంగా ఉద్యోగానికి దారి తీసే డిగ్రీ, పీజీ కోర్సులకే రుణమిస్తాయి. డిగ్రీ రాని ఏడాది భాషా కోర్సును మేనేజరు ఒప్పుకోవడం కష్టం. నగల తాకట్టు సులువుగానే దొరుకుతుంది. కానీ జీతం ఆగిపోయే మూడేళ్ల ముందు, అసలు తీర్చే దారి కనబడకుండా వడ్డీ పెరుగుతూ పోయే అప్పు మీ ఇంటికి వద్దు. పీఎఫ్ గురించి మీరు రాయలేదు, సంతోషం. దాని జోలికి వెళ్లకండి. అమ్మాయి భవిష్యత్తులో సంపాదించుకోగలదు, మీ పదవీ విరమణ నిధిని మళ్లీ కూడబెట్టే సమయం మీకు లేదు. అలాగే, అక్కడ పార్ట్‌టైమ్ పని చేసి ఖర్చులు వెళ్లదీసుకుంటుందన్న ఊహను కూడా లెక్కలోంచి తీసేయండి. విద్యార్థి వీసా మీద, అనుమతి లేకుండా పనిచేయడం చట్టవిరుద్ధం.

మిగిలిన మార్గం స్కాలర్‌షిప్. చైనా వారి ఇంటర్నేషనల్ చైనీస్ లాంగ్వేజ్ టీచర్స్ స్కాలర్‌షిప్‌లో ఏడాది చదువు విభాగం ఉంది. అది ఫీజు, హాస్టల్, బీమా భరించి నెలకు 2,500 యువాన్లు చేతికిస్తుంది. పైన మనం భోజనానికీ ప్రయాణాలకూ వేసుకున్న మొత్తం సరిగ్గా అంతే. అంటే మీకు మిగిలే ఖర్చు ముఖ్యంగా విమానం, వీసా, వైద్య పరీక్షలే. దీని ఎంపికలో హెచ్‌ఎస్‌కే మార్కులు చూస్తారు. ఇన్నాళ్లూ అమల్లో ఉన్న ఆరు స్థాయిల పద్ధతిలో రెండో స్థాయికి 300 పదాలు, నాలుగో స్థాయికి 1,200 పదాలు. ఆ దూరం హైదరాబాద్‌లోనే దాటవచ్చు. తార్నాక దగ్గరున్న ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీలో చైనీస్ బోధిస్తారు. ఇక్కడ ఇంకో ఏడాది చదివి నాలుగో స్థాయి సాధిస్తే, స్కాలర్‌షిప్ అవకాశం పెరగడమే కాదు, రాకపోయినా అమ్మాయి బీజింగ్‌లో మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండదు. ‘నేను అంగీకరిస్తున్నాను’ అనే మాట నేర్చుకోవడానికి ఐదు లక్షలు పెట్టడం వేరు, ఒప్పంద పత్రం చదవడానికి పెట్టడం వేరు. దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరు చేరికకు ఆ ఏడాది మొదటి నెలల్లోనే తీసుకుంటారు కాబట్టి పరీక్ష తేదీని ముందే చూసుకోవాలి.

స్కాలర్‌షిప్ రాక సొంతంగా పంపాల్సి వస్తే, డిపాజిట్‌ను మొత్తంగా రద్దు చేయకండి. మీది ఒకే డిపాజిట్ అయితే, దానిలో కొంత భాగం మాత్రమే తీసుకునే వీలుందా అని బ్యాంకును అడగండి. లేకపోతే డిపాజిట్ మీదే రుణం తీసుకోవచ్చు. దానికి వడ్డీ సాధారణంగా మీకొచ్చే వడ్డీ కంటే ఒకటి, రెండు శాతం ఎక్కువ ఉంటుంది. ముందుగా రద్దు చేస్తే పోయే వడ్డీతో పోల్చి ఏది తక్కువ నష్టమో లెక్కేసుకుని నిర్ణయించుకోండి. డబ్బు నేరుగా విశ్వవిద్యాలయం ఖాతాకే పంపించాలి, మధ్యవర్తి ఖాతాకు కాదు. నా దగ్గరికి వచ్చిన ఒక కుటుంబం ‘అన్నీ మేమే చూసుకుంటాం’ అన్న ఏజెంటుకు మొత్తం ఇచ్చి, అందులో ఫీజు ఎంతో, అతని వాటా ఎంతో చివరిదాకా తెలుసుకోలేకపోయింది. బ్యాంకు ఫారంలో ప్రయోజనం దగ్గర ‘విద్య’ అని రాయించండి. ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటిన సొమ్ము మీదే బ్యాంకు టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే ముందుగా తీసుకునే పన్ను) వసూలు చేస్తుంది. అది కూడా రిటర్ను దాఖలు చేసినప్పుడు మీ పన్నులో సర్దుబాటు అవుతుంది, ఎక్కువైతే తిరిగి వస్తుంది. ఒక సెమిస్టరుకే పంపితే ఆ పరిమితి దరిదాపుల్లోకి కూడా రారు.

ఆరు నెలలకు మించి ఉండేట్టయితే ఎక్స్1 వీసా వస్తుంది, దాని మీద చేరాక 30 రోజుల్లో నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి. రెండో సెమిస్టర్ ఉందో లేదో తేలనప్పుడు ఏ వీసాకు వెళ్లాలో, ప్రవేశ పత్రం ఎంత కాలానికి ఇస్తారో విశ్వవిద్యాలయాన్ని ముందుగానే రాసి అడగండి. మొదటి సెమిస్టర్ జనవరిలో ముగుస్తుంది, చైనీస్ కొత్త సంవత్సరం సెలవులు అప్పుడే మొదలవుతాయి. ఆ సెలవుల్లో అమ్మాయి పాసైన హెచ్‌ఎస్‌కే స్థాయి, ఆ తర్వాత చేయదలచిన పని, మీ దగ్గర మిగిలిన సొమ్ము, ఈ మూడూ ముగ్గురూ కలిసి చూసి, రెండో సెమిస్టర్ ఫీజు కట్టాలో వద్దో అప్పుడు తేల్చండి.